కాళ్ళు జివ్వుమన్నాయి

వీధి వీధంతా అతన్ని చిటపట అంటుంది. అసలు పేరు అడిగితే పెళ్ళాం కూడా కాస్త ఆలోచించుకుని చెప్పాలి. చేసేది కరెంటు పని. మోటార్లు, హీటర్లు, స్విచ్చిబోర్డులు, లిఫ్టులు, ఏది మొండికేసినా అతనే రావాలి. వచ్చేటప్పుడు సామాన్ల సంచీతో పాటు నోరు కూడా వెంటబెట్టుకుని వస్తాడు. గుమ్మంలో అడుగు పెడుతూనే బోర్డు వంక చూసి, "ఇది బిగించిన మహానుభావుడు ఎవడండీ?" అని మొదలుపెట్టాడంటే, ఆఖరి స్క్రూ బిగించి బయటికి పోయేదాకా ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఇంటాయన్ని తిడతాడు, ఇల్లు కట్టినవాణ్ణి తిడతాడు, తీగ తయారుచేసిన కంపెనీని తిడతాడు. ఎవరూ ఎదురుగా లేకపోతే చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ని తిడతాడు. అయినా జనం అతన్నే పిలుస్తారు. తిట్లు ఆ పూటకి ఉంటాయి, చేసిన పని చాలా ఏళ్ళు ఉంటుంది.

ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు గానీ, ఇతని కోపానికి ఓ లెక్కుంది. అతనికి ఒళ్ళు మండించే మాటలు రెండు. ఒకటి, "ఏదో ఒకటి చేసెయ్." రెండోది, "డైరెక్ట్ ఇచ్చెయ్." మెయిన్ బోర్డులో ట్రిప్పర్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. కరెంటు దారి తప్పి తడిలోకో, మనిషి ఒంట్లోకో పోతోందని తెలియగానే టప్పుమని పడిపోయి లైను కట్ చేస్తుంది. అది ఉన్నదే అందుకు. అది మాటిమాటికీ పడిపోతోందనుకోండి, ఎందుకు పడుతోందో చూడాలా వద్దా? చూడరు. ఆ పెట్టెని పక్కకి తప్పించి తీగని నేరుగా కలిపెయ్యమంటారు. దానికి డైరెక్ట్ అని ముద్దుపేరు. కుక్క అరుస్తోందని కుక్కని తరిమేసి, తలుపు బార్లా తెరిచి పడుకున్నట్టుంటుంది ఆ తెలివి. ఆ మాట అన్నవాళ్ళని చిటపట ఉతికి ఆరేసేవాడు. పెద్దా చిన్నా చూసేవాడు కాదు. ఓసారి ఒక హోటలు యజమాని ఆ మాట అన్నందుకు, విప్పిన బోర్డు విప్పినట్టే వదిలేసి ఇంటికి వచ్చేశాడు. ఆ యజమాని వెనకాలే వచ్చి బతిమాలుకుని తీసుకుపోయాడు.

పని విషయంలో అతనికి ఒకటే పట్టుదల. అనుమానం ఉన్న చోట అన్నీ విప్పాలి, తర్వాత ఒక్కొక్కటే కలపాలి, ఏది కలిపితే పెట్టె పడిందో దొంగ అదే. "హీటరయ్యుంటుంది, మోటారయ్యుంటుంది అని జాతకాలు చెప్పకండి, విప్పి చూడండి" అని తోటి పనివాళ్ళ మీద అరిచేవాడు. ఆ అరుపులకే అతని దగ్గర ఏ పనివాడూ పట్టుమని వారం నిలవలేదు. ఒక్కడే పోతాడు, ఒక్కడే వస్తాడు.

ఇంతమందిని తిట్టే మనిషి, ఒక్క మనిషి దగ్గర మాత్రం గొంతు లేపి ఎరగడు. ఆవిడ అతని అక్క. అమ్మ పనికి పోతే చిటపటని చంకన వేసుకుని తిరిగింది అక్కే. జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకు కూర్చున్నది అక్కే. మొదటిసారి షాకు కొట్టించుకుని వెల్లకిలా పడితే, చీపురు కర్రతో తీగని ఎగరగొట్టి, తర్వాత అదే కర్రతో వీపు మీద నాలుగు అంటించింది కూడా అక్కే. ఆవిడ అంటే అతనికి ప్రాణం. నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పేందుకు తిట్లు తప్ప వేరే మాటలు రావు కదా ఆ మనిషికి.

ఆ అక్కకి కిందటేడు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క మొత్తం పడిపోయింది. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది, కాలు మాత్రం రాలేదు. కదలకపోవడం ఒక ఎత్తు, అసలు తెలియకపోవడం ఒక ఎత్తు. గిల్లినా తెలియదు. చెప్పు జారిపోయి వట్టి పాదంతో ఈడ్చుకుంటూ నడిచి, ఇంట్లోకొచ్చి చూసుకుంటే నెత్తురు కారుతూ ఉండేది. "ఇది నా కాలు కాదురా, ఎవరో అద్దెకిచ్చారు" అనేది తమ్ముడితో. నవ్వుతూనే అనేది. అతనికి నవ్వు వచ్చేది కాదు, ఎవర్ని తిట్టాలో తెలియక పళ్ళు నూరుకునేవాడు.

వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ, వేడినీళ్ళలో కాళ్ళు ఆడిస్తే మంచిదంది. అంతే, బావ ఒక తొట్టి పట్టుకొచ్చాడు. బావ బస్సు డిపోలో టైం కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవర్నీ పల్లెత్తు మాట అనడు, ఎవరైనా ఒక మాట అంటే రెండ్రోజులు అన్నం సహించదు. భార్యని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాడు. ఎక్కడో పాత లాడ్జి ఒకటి పడగొడుతుంటే, అందులోని వేడినీళ్ళ తొట్టిని, దాని మోటార్లతో సహా లారీ మీద ఎక్కించుకొచ్చి వెనక వరండాలో దింపించాడు. నలుగురు కూర్చునేంత తొట్టి. చుట్టూ ఉన్న చెక్క పట్టీలు సగం పుచ్చిపోయి ఉన్నాయి. ఒక మోటారు నీళ్ళు తిప్పుతుంది, హీటరు వేడి చేస్తుంది, ఇంకో చిన్న మోటారు కింద నుంచి గాలి కొట్టి బుడగలు రప్పిస్తుంది. పక్కన గోడకి అక్క పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ బిగించాడు బావ.

"రెండు బర్రెలు పడతాయి బావా ఇందులో" అన్నాడు చిటపట మొదటిసారి చూసి.

"నువ్వూ దిగు, మూడోది సరిపోతుంది" అంది అక్క.

తొట్టి వచ్చిన కొత్తలోనే ట్రిప్పర్ పడటం మొదలుపెట్టింది. బావ కబురు పెడితే చిటపట వచ్చాడు. ఆ వేళ అతనికి ఇంకో చోట లిఫ్టు ఆగిపోయి ఉంది, అక్కడివాళ్ళు పిలుపు మీద పిలుపు. చిరచిరలాడుతూనే తొట్టి పక్క చెక్క ఊడదీశాడు. హీటరు గొట్టం తుప్పు పట్టి పొక్కులు లేచి ఉంది. "ఇంకేముంది, ఇదే" అని హీటరు మార్చేశాడు. స్విచ్చి వేశాడు, నీళ్ళు తిరిగాయి, వేడెక్కాయి, పెట్టె పడలేదు.

"బుడగలు కూడా ఓసారి వేసి చూడవా?" అన్నాడు బావ, వెనక నుంచి, నెమ్మదిగా.

"బావా, నువ్వు బస్సుల టైములు చూసుకో. కరెంటు నాకొదిలెయ్. పాత సామాను తెచ్చి నా నెత్తిన పెట్టిందే కాక, నాకు పాఠాలు కూడా చెప్తావా?" అని అరిచి, సంచీ సర్దుకుని లిఫ్టు దగ్గరికి పరిగెత్తాడు. బావ మొహం చిన్నబోయింది. చిటపట అది చూడలేదు. చూసినా పట్టించుకునేవాడు కాదు.

తర్వాత చాలా రోజులు తొట్టి మాట ఎవరూ ఎత్తలేదు. బాగా పనిచేస్తోంది కాబోలు అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, వెళ్ళి చూడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. "ఒరేయ్, మీ అక్క కాలికి స్పర్శ వచ్చిందిరా. నాలుగు రోజుల నుంచి కాలు జివ్వుమంటోందట. ముందు నీకే చెప్తున్నా, డాక్టరమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. తొందరగా రా."

చిటపట చేతిలో పని అక్కడే వదిలేశాడు. దారిలో ఎవడో బండి అడ్డం పెడితే పక్కనుంచి తప్పుకుని పోయాడు, ఒక్క మాట అనలేదు. ఆ బండివాడికి చిటపట సంగతి తెలుసు, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. బాగోలేకపోవడమేంటి, మనిషి గాల్లో తేలుతున్నాడు. అక్క నడుస్తుంది, చెప్పులు వేసుకుని తన ఇంటికి వస్తుంది, వచ్చి ఇల్లు ఇలా ఉంచారేంటని తన పెళ్ళాన్నీ తననీ కలిపి తిడుతుంది. అదే ఆలోచించుకుంటూ నడిచాడు.

వెనక వరండాలోకి వెళ్ళేసరికి అక్క తొట్టిలో ఉంది. గుండెల దాకా నీళ్ళు, ఆ నీళ్ళ మీద తెల్లగా బుడగలు. కుడిచేత్తో గోడ కడ్డీ పట్టుకుంది. బావ పక్కనే స్టూలు మీద, భుజాన తువ్వాలు వేసుకుని, పెళ్ళినాటి మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పు, నీ తమ్ముడికి నువ్వే చెప్పు" అన్నాడు బావ.

"జివ్వుమంటోందిరా" అంది అక్క. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. "చీమలు పాకినట్టు. బుడగలు వేస్తే చాలు, వచ్చేస్తుంది."

బుడగలు వేస్తే చాలు అన్న మాట చిటపట చెవిలో పడింది. పడి అక్కడే ఆగిపోయింది. ఎందుకో అతనికి తెలియలేదు, చేసే పని వల్ల ఒంటబట్టిన అలవాటు అంతే. నవ్వుతున్న మొహంతోనే అడిగాడు. "ఏ కాలక్కా?"

"రెండూనురా."

"రెండూనా?"

"ఈ చెయ్యి కూడా" అంది అక్క, కడ్డీ మీద ఉన్న వేళ్ళు చూపిస్తూ. "ఈయనకి మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా."

అతను కడ్డీ వంక చూశాడు, నీళ్ళ వంక చూశాడు. అరిస్తే ఆవిడ ఉలిక్కిపడి కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అరవలేదు. ఇంట్లోకి రెండంగల్లో పోయి మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాడు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, బుడగలు అణిగిపోయాయి.

"ఏంటిది, ఇప్పుడేగా మొదలైంది" అన్నాడు బావ.

"ముందు అక్కని బయటికి తియ్యి."

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఆవిడని లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పారు. చిటపట తొట్టి పక్క చెక్క ఊడదీశాడు. లోపల పచ్చ తీగ, కరెంటు తప్పు దారి పడితే మనుషుల్ని ముట్టకుండా భూమిలోకి దించేసే ఎర్త్ తీగ, బిగించిన చోటి నుంచి ఊడి ఉంది. దానంతటది ఊడలేదు. పొందికగా మడిచి, కొసకి టేపు చుట్టి, పక్కన ఒద్దికగా పెట్టారు. టైం కీపర్ పనితనం. తర్వాత మెయిన్ బోర్డు మూత తీశాడు. ట్రిప్పర్ పెట్టెకి రావలసిన తీగ దానికి రాలేదు, పక్కనుంచి నేరుగా తొట్టికి పోయింది.

"పచ్చ తీగ ఎవరు పీకారు బావా?" అన్నాడు. గొంతు ఇంకా నెమ్మదిగానే ఉంది, అదే భయం వేసింది బావకి.

"నేనే. నువ్వు వెళ్ళిన రెండ్రోజులకి మళ్ళీ పడటం మొదలెట్టింది. ఒక్కొక్క తీగా తీసి చూశా. అది తీసేస్తే పడటం మానేసింది."

"మానేసింది. మరి బోర్డులో ఇదేంటి?"

"అయినా ఒక్కోసారి పడేది. మీ అక్క ఆ కడ్డీ పట్టుకుంటే చాలు, టప్పుమనేది. నీళ్ళు చల్లారిపోయేవి, ఆవిడకి వణుకు వచ్చేది. అందుకని..."

"అందుకని?"

"డైరెక్ట్ ఇచ్చా. నాలుగు రోజులైంది."

ఇక చూడండి. చిటపట అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. అప్పటిదాకా ఊళ్ళోవాళ్ళని తిట్టిందంతా ఆ పూట తిట్టిన దాని ముందు బలాదూర్. "కడ్డీ పట్టుకుంటే పడేదా? ఎందుకు పడేదో ఒక్క క్షణం ఆలోచించావా బావా? నీ పెళ్ళాం ఒంట్లోంచి కరెంటు గోడలోకి పోతోందని పడేది. పడిన ప్రతిసారీ నీ పెళ్ళాన్ని నీకు తిరిగి ఇచ్చింది ఆ పెట్టె. నువ్వు దాన్ని పీకి పారేశావు. ఏం తెలివయ్యా నీది. డిపోలో బస్సులకి బ్రేకులు కూడా ఇలాగే పీకేశావా, మాటిమాటికీ ఆగిపోతున్నాయని? ఇంకాస్త తడి ఎక్కి ఉంటే ఇవాళ నువ్వు నాకు చేసే ఫోను వేరే ఉండేది. నలుగురు మనుషుల కోసం చేసేవాడివి, మోయడానికి."

"మరి, స్పర్శ..." అన్నాడు బావ.

"ఏం స్పర్శ? ఎక్కడి స్పర్శ? నీ మొహం స్పర్శ. కాలూ లేదు, ఏమీ లేదు. అది కరెంటు. బాగున్న కాలు కూడా జివ్వుమందా లేదా, చెయ్యి జివ్వుమందా లేదా? ఒళ్ళంతా జివ్వుమంటుంటే ఆ కాలూ జివ్వుమన్నట్టే ఉంటుంది. ఆ చచ్చిన కాలు ఎప్పుడు చచ్చిందో అప్పట్నుంచీ అలాగే ఉంది."

అనేశాడు. అన్నాక గానీ వెనక కుర్చీ ఉన్న సంగతి గుర్తు రాలేదు. తిరిగి చూస్తే అక్క దుప్పటి కింద నుంచి ఎడమ పాదం కనిపిస్తోంది. ఆవిడ దానివైపే చూస్తోంది. ఏడవలేదు. చెయ్యి చాపి, దుప్పటి లాగి పాదం మీద కప్పుకుంది.

బావ స్టూలు మీద కూలబడ్డాడు. "కాళ్ళు జివ్వుమంటున్నాయి అనే అంది" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. "కాళ్ళు అంది. నాకు కాలు అని వినపడింది."

అంతే కదా మరి. ఏడాదిగా ఆ ఇంట్లో కాలు అంటే ఒకటే కాలు. కాలికి నూనె రాశావా, కాలు ఎలా ఉంది, కాలు కిందపెట్టకు. రెండో కాలు ఒకటుందని ఎవరికీ పట్టలేదు. ఆవిడ కాళ్ళు అన్నా, కాలు అన్నా, బావ చెవికి చేరేది తను కోరుకున్న కాలే. తప్పు పట్టడానికి చిటపటకి అప్పుడు ఓపిక లేదు, లేకపోతే దానికీ నాలుగు అంటించేవాడే.

"నన్నెందుకు పిలవలేదు?" అన్నాడు. "పిలిస్తే రానా? ఎన్ని కొంపలకి పోతాను రోజూ, అక్క ఇంటికి రానా?"

బావ తలెత్తాడు. నెమ్మదైన మనిషికి కోపం వస్తే చూడటానికి బాగుండదు. పెదాలు వణుకుతాయి, మాట ముందుకి రాదు. "పిలవాలా? నిన్నా? హీటరు మార్చిన రోజు ఏమన్నావ్? బుడగలు వేసి చూడమంటే ఏమన్నావ్? మళ్ళీ పడిందని చెప్తే, నువ్వేం పాడుచేశావని నా మీద పడతావ్. పెళ్ళాం ముందు, వీధిలో జనం ముందు. చేతులెత్తి మొక్కాలిరా నీ నోటికి. నీ చేత తిట్లు తినడం కంటే నేనే ఏదో ఒకటి చేసుకోవడం నయమనిపించింది. చేసుకున్నా. ఇప్పుడు చంపు నన్ను."

చిటపట తొట్టి వైపు తిరిగి, విప్పాల్సినవన్నీ విప్పడం మొదలుపెట్టాడు. హీటరు, పెద్ద మోటారు, తొట్టిలోపలి లైటు, బుడగల మోటారు, అన్నీ.

మెయిన్ బోర్డులో తీగని మళ్ళీ ట్రిప్పర్‌లోకి మళ్ళించాడు. పచ్చ తీగ బిగించాడు. మెయిన్ ఎత్తాడు. ఒక్కొక్కటే కలిపాడు. హీటరు కలిపితే పెట్టె పడలేదు. పెద్ద మోటారు కలిపినా పడలేదు. లైటుకీ పడలేదు. బుడగల మోటారు తీగ తగిలించి స్విచ్చి వేశాడో లేదో, టప్పుమంది.

లైను తీసి ఆ మోటారు ఊడదీశాడు. లోపల్నుంచి నీళ్ళు జారి అతని మోకాళ్ళ మీద పడ్డాయి. గాలి పోయే గొట్టంలో, నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే రబ్బరు మూత ఒకటి ఉంటుంది. అది ఎప్పుడో చీలిపోయింది. బుడగలు ఆపినప్పుడల్లా నీళ్ళు గొట్టంలోంచి మోటారులోకి ఎగదన్నుకుంటూ వచ్చాయి. కరెంటు ఆ తడి పట్టుకుని తొట్టిలోకి దిగింది. ఇవాళ కాదు, మొదట్నుంచీ. హీటరు మార్చిన రోజు బుడగల స్విచ్చి ఒక్కసారి వేసి ఉంటే పెట్టె అతని కళ్ళ ముందే పడేది. వేసి చూడమన్నాడు బావ. చెప్పింది కరెంటు తెలియని మనిషి, విననిది తెలిసిన మనిషి.

అతనికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చేతిలో మోటారు ఎత్తి గోడకేసి కొడదామన్నంత కోపం. ఎవడి మీద? ఊరందరికీ విప్పి చూడండి, జాతకాలు చెప్పకండి అని నెత్తీ నోరూ బాదుకుని చెప్పినవాడు, అక్క ఇంటికి వచ్చి జాతకం చెప్పి పోయాడు. తుప్పు పట్టిన హీటరు కనపడగానే దొంగ దొరికాడనుకున్నాడు. తిట్టాల్సినవాడు దొరికాడు గానీ, వాణ్ణి తిట్టడం అతనికి ఎవరూ నేర్పలేదు. మోటారు నేల మీద పెట్టి, తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"బుడగల మోటారే బావా" అన్నాడు. "నువ్వు చెప్పిందే." బావ వినిపించుకున్నాడో లేదో, నేలవైపే చూస్తూ ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొత్త మోటారు, రబ్బరు మూత, కొత్త ట్రిప్పర్ తెచ్చి బిగించాడు. ఆ స్టీలు కడ్డీ గోడలోంచి పీకేసి, ప్లాస్టిక్ తొడుగు ఉన్నది బిగించాడు. ఎర్త్ తీగని ఇంటి చివరిదాకా వెతుక్కుంటూ పోయి, పెరట్లో భూమిలోకి దిగే చోట మట్టి తవ్వి మరీ చూశాడు. ఒక్కొక్కటీ కలిపి, ఒక్కొక్కటీ వేసి, రెండోసారి మొదట్నుంచీ చూశాడు. పొద్దుణ్ణుంచీ ఎవర్నీ తిట్టలేదు. ఎదురింటి ఆవిడ వచ్చి, చిటపట ఉన్నాడా లేడా, చప్పుడే లేదేంటని తొంగిచూసి పోయింది.

అంతా అయ్యాక బావ అక్కని తీసుకొచ్చాడు. చిటపట అడ్డంగా చెయ్యి పెట్టాడు. "ముందు నేను" అని, ప్యాంటూ చొక్కాతోనే తొట్టిలో దిగి మెడదాకా కూర్చున్నాడు. బుడగలు వెయ్యమన్నాడు. కడ్డీ పట్టుకున్నాడు, వదిలాడు, మళ్ళీ పట్టుకున్నాడు. చొక్కాలోకి గాలి దూరి బూరెలా ఉబ్బి కూర్చున్నాడు. ఇంకో రోజైతే అక్క ఆ అవతారం చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

అతను బయటికి వచ్చాక ఆవిడని కూర్చోబెట్టారు. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. బుడగలు లేస్తున్నాయి. పెట్టె పడలేదు. బావ స్టూలు ముందుకి లాక్కున్నాడు.

"ఏమన్నా తెలుస్తోందా?" అన్నాడు.

"లేదు."

"కాస్త కూడానా?"

"లేదండీ."

"ఇంకాసేపు చూద్దామా? నీళ్ళు ఇంకొంచెం వేడి చెయ్యమంటావా?"

"ఇక నన్ను అడక్కండి" అంది అక్క. అరవలేదు. కానీ ఆ గొంతు విని బావ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. లోపల ఏదో సర్దుతున్న చప్పుడు చేశాడు, సర్దాల్సింది ఏమీ లేకపోయినా.

చిటపట తడిబట్టలతో అక్కడే నిలబడ్డాడు. అక్క అతనివైపు తిరిగింది. అమ్మ కోపం అంతా తమ్ముడికే వచ్చిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. అబద్ధం. ఆవిడకీ వచ్చింది, ఇన్నాళ్ళూ దాచుకుంది.

"నువ్వు నాకెందుకు చెప్పావురా?" అంది.

"చెప్పకపోతే పోయేదానివక్కా."

"కరెంటు సంగతి కాదు. తీగ కలుపు, మోటారు మార్చు, పెట్టె మార్చు, ఎవరొద్దన్నారు? నీ పని నువ్వు చేసుకుని నోరు మూసుకుని పోవాల్సింది. తర్వాత నాకు జివ్వు తెలియకపోతే, వచ్చింది పోయిందిలే అనుకునేదాన్ని. వచ్చిందిగా ఒకసారి, మళ్ళీ వస్తుందిలే అనుకునేదాన్ని. నాలుగు రోజులు నాకు కాలుందిరా. రోజూ పొద్దున లేచి తొట్టి ఎప్పుడు వేడెక్కుతుందా అని చూశాను. నువ్వొచ్చి నీ నోరంతా తెరిచి, ఎప్పుడూ లేదు పొమ్మన్నావు. చచ్చిన కాలన్నావు. ఆయన మీద కోపం ఉంటే ఆయన్ని కొట్టు. నా కాలినెందుకు తిట్టావు?"

ఊళ్ళో ఏ మనిషికైనా, ఏ క్షణాన్నైనా, ఎదురుచెప్పడానికి తడుముకోని మనిషి. "అక్కా" అన్నాడు. అక్కడితో ఆగిపోయింది.

"సరేలే. చలేస్తోంది. లేపు నన్ను."

ఆవిడ కుడిచెయ్యి తన మెడ చుట్టూ వేసుకున్నాడు. నడుం కింద చెయ్యి వేసి లేపాడు. కుడికాలు ఆవిడే ఎత్తి తొట్టి అంచు దాటించింది. ఎడమ కాలు నీళ్ళలోనే ఉండిపోయింది. అతను వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టి, పాదం పట్టుకున్నాడు. వెచ్చగా, బరువుగా ఉంది పాదం. అంచు దాటించి, మెట్టు మీద పెట్టాడు. పెట్టాక కూడా చెయ్యి తియ్యలేదు. వేళ్ళతో గట్టిగా నొక్కాడు.

అక్క తల పైకెత్తి, ఇంట్లోకి చూస్తూ, తువ్వాలు తెమ్మని భర్తని పిలుస్తోంది. అతను పాదం పట్టుకుని ఉన్న సంగతి ఆవిడకి తెలియలేదు.